ట్రాక్టర్ షెడ్డులో పుట్టిన గిత్త
(ఫెరూచియో లాంబోర్గిని జీవిత విశేషాలు)



ప్రతి ఏడాదీ మన వార్షికోత్సవ సంచికలో అంబేద్కర్ గారి గురించి, ఫూలే గారి గురించి, జాషువా గారి గురించి, అబ్దుల్ కలాం గారి గురించి వ్యాసాలు వస్తాయి. అవి మనం ఎన్నిసార్లు చదివినా తక్కువే. ఈసారి నేను మాత్రం మనకు ఏమాత్రం సంబంధం లేనట్టు కనిపించే ఒక ఇటలీ దేశస్థుడి గురించి రాస్తున్నాను. ఆయన పేరు ఫెరూచియో లాంబోర్గిని. ఆ పేరు వినగానే మీలో చాలామందికి నేలకు ఆనుకుని పోయే కారు గుర్తొస్తుంది. హాస్టల్లో నా ట్రంకు పెట్టె మూత లోపల కూడా ఆ కారు బొమ్మే అంటించి ఉండేది. ఆ బొమ్మ వెనకాల ఒక ట్రాక్టర్ మెకానిక్ ఉన్నాడని డిగ్రీలో చేరేదాకా నాకు తెలియదు.

ఫెరూచియో 1916 ఏప్రిల్ 28న ఉత్తర ఇటలీలో చెంతో పట్టణం దగ్గర రెనాజో అనే పల్లెలో పుట్టాడు. తండ్రి ఆంటోనియో, తల్లి ఎవెలీనా. వాళ్లది ద్రాక్ష పండించే రైతు కుటుంబం. అయితే కొడుకు మనసు తోట మీద కంటే తోటలో వాడే యంత్రాల మీదే ఉండేది. అది గమనించి ఇంట్లోవాళ్లు అడ్డు చెప్పకుండా యాంత్రిక విద్య చదివించారు.

1940లో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, అతన్ని వైమానిక దళంలోకి తీసుకున్నారు. పంపింది విమానం నడపడానికి కాదు, రోడ్స్ అనే దీవిలో సైనిక వాహనాల షెడ్డుకు. చుట్టూ సముద్రం, విడిభాగాలు వచ్చే దారి లేదు. ఒక బండిలోని సామాను తీసి ఇంకో బండికి బిగించి నడిపించాలి. ఏ కళాశాలా నేర్పని పని ఆ దీవి నేర్పింది. యుద్ధం ముగిసేసరికి దీవి బ్రిటిష్ వారి చేతిలోకి పోయింది. ఫెరూచియో ఖైదీ అయ్యాడు. ఖైదీగా కూడా రెంచి పట్టుకునే బతికి, 1946లో ఇల్లు చేరాడు.

ఇంటికొచ్చాక కష్టాలు తీరలేదు. 1947లో కొడుకు టోనినో పుట్టాడు. ఆ కాన్పులోనే భార్య క్లేలియా చనిపోయింది. ముప్పై ఒక్కేళ్ల వయసులో చేతిలో పసిబిడ్డ, పక్కన చిన్న మెకానిక్ షెడ్డు. అక్కడి నుంచి మొదలైంది అతని అసలు కథ.

యుద్ధం తర్వాత ఇటలీ రైతుల దగ్గర ట్రాక్టర్ కొనే డబ్బు లేదు. సైన్యం వదిలేసిన లారీలు, ఇంజిన్లు, గేరు బాక్సులు మాత్రం గుట్టలుగా పడి ఉన్నాయి. ఫెరూచియో ఆ ఇనుప సామానుతో ట్రాక్టర్ తయారు చేశాడు. ఇంజిన్ మోరిస్ కంపెనీది. ఆ ఇంజిన్‌కు పెట్రోలు కావాలి, పెట్రోలు రేటు రైతుకు అందదు. అందుకని పెట్రోలుతో స్టార్ట్ చేసి, ఇంజిన్ వేడెక్కాక చవకైన డీజిల్‌కు మార్చుకునే ఏర్పాటు తానే కనిపెట్టి బిగించాడు. మన వైపు పెద్దవాళ్లను అడగండి, పెట్రోలుతో స్టార్టయ్యి కిరసనాయిలుతో నడిచే నీళ్ల ఇంజిన్లు వాళ్లకు బాగా తెలుసు. ఉపాయం అలాంటిదే.

ఆ ట్రాక్టర్ పేరు కారియోకా. 1948 ఫిబ్రవరి 3న చెంతో ఊరి తిరునాళ్లలో జనం ముందు దాన్ని నడిపి చూపించాడు. రైతులు ఎగబడ్డారు. పదకొండు ట్రాక్టర్లకు బేరం కుదిరింది. తండ్రి పొలం తనఖా పెట్టి అప్పు తెచ్చి మరిన్ని ఇంజిన్లు కొన్నాడు. లాంబోర్గిని ట్రాక్టర్ల కంపెనీ పెట్టాడు. 1950ల చివరికి అది ఇటలీలోని పెద్ద ట్రాక్టర్ కంపెనీల్లో ఒకటైంది. ఇళ్లను వెచ్చబెట్టే బర్నర్ల తయారీలోకి కూడా దిగాడు.

కార్ల పిచ్చి మాత్రం మొదటి నుంచీ ఉంది. 1948లోనే ఒక చిన్న ఫియట్ టోపోలినో కారు ఇంజిన్‌ను విప్పి, సామర్థ్యం 750 సీసీకి పెంచి, మిల్లె మిలియా అనే సుదీర్ఘమైన రోడ్డు రేసుకు వెళ్లాడు. 1100 కిలోమీటర్లు బాగానే నడిపి, చివరికి రోడ్డు పక్క హోటల్ గోడకు గుద్దేశాడు. ఆ తర్వాత రేసుల జోలికి పోలేదు. మన దగ్గర కూడా ఒకప్పుడు ఫియట్ అంటే గొప్ప. బొంబాయిలో తయారైన ఫియట్ 1100, తర్వాత ప్రీమియర్ పద్మిని పేరుతో వచ్చిన కారు ఆ ఇటలీ కంపెనీ సంతతివే.

డబ్బు వచ్చాక ఫెరూచియో మంచి మంచి కార్లు కొన్నాడు. అందులో ఫెరారీ 250 జీటీ కూడా ఉంది. ఆ కంపెనీ యజమాని ఎంజో ఫెరారీ రేసుల కోసమే పుట్టిన మనిషి. రేసులు నడపడానికి డబ్బు కావాలి కాబట్టి కార్లు అమ్మేవాడు. అందువల్ల ఆ కార్ల ఇంజిన్ అద్భుతం, వేగం అద్భుతం, కానీ లోపల కూర్చున్నవాడికి చప్పుడు ఎక్కువ, సుఖం తక్కువ. పైగా ఫెరూచియో కారుకు క్లచ్ మాటిమాటికీ పోయేది. కంపెనీ షెడ్డుకు పంపడం, గంటల తరబడి ఎదురుచూడడం, మళ్లీ పోవడం. చివరికి ఆయన తన షెడ్డులోనే కారు విప్పాడు. చూస్తే తన ట్రాక్టర్లలో వాడే రకం క్లచ్చే అందులోనూ ఉంది. అంతకంటే పెద్దది తెచ్చి బిగిస్తే సమస్య తీరిపోయింది.

ఆ సంగతి చెబుదామని ఎంజో దగ్గరకు వెళితే, కారులో లోపం లేదనీ, ట్రాక్టర్ నడుపుకునేవాడికి ఫెరారీ నడపడం తెలియకపోవడమే లోపమనీ ఎంజో తీసిపారేశాడట. ఇది ఫెరూచియో వైపు నుంచి లోకానికి అందిన కథ. మాటలు అచ్చం అవేనా కాదా అన్నది పక్కన పెట్టినా, ఆ తర్వాత జరిగింది మాత్రం చరిత్ర.

1963లో బొలోన్యా నగరానికి దగ్గరలోని సాంతగాతా అనే ఊళ్లో లాంబోర్గిని కార్ల ఫ్యాక్టరీ లేచింది. ఫెరారీలో పని చేసి బయటికి వచ్చిన జోత్తో బిజ్జారీని 12 సిలిండర్ల ఇంజిన్ రూపొందించాడు. అది రేసు ఇంజిన్‌లా తయారైంది. ఫెరూచియో ఒప్పుకోలేదు. దాని ఉరవడి తగ్గించి, రోజూ నడుపుకునేలా మార్చమన్నాడు. అదే ఏడాది టూరిన్ ప్రదర్శనకు మొదటి కారు పెట్టే సమయానికి ఇంజిన్ బానెట్ కింద పట్టలేదు. బానెట్ మూసే ఉంచి ప్రదర్శన కానిచ్చేశారు. 1964లో అమ్మకానికి వచ్చిన 350 జీటీ మాత్రం ఆయన కోరుకున్న కారు. సుమారు 280 హార్స్ పవర్, ఐదు గేర్లు, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్. ఎంత వేగంగా పోయినా లోపల మనిషి అలసిపోడు.

గుర్తుగా ఎద్దును పెట్టుకున్నాడు. ఆయన జన్మరాశి వృషభం. ఫెరారీది గుర్రం, ఇతనిది ఎద్దు. ఒంగోలు గిత్త పుట్టిన జిల్లా పేరు చెప్పుకునే మనకు ఆ ఎద్దు గర్వం ఏమిటో వేరే చెప్పాలా!

ఇక మియూరా. 1965 నాటికి ఆ ఫ్యాక్టరీలో ముఖ్యమైన ఇంజనీర్లు దల్లారా, స్తంజానీ, టెస్టు డ్రైవర్ బాబ్ వాలెస్. ముగ్గురికీ ముప్పై ఏళ్లు నిండలేదు. రేసు కారులా ఇంజిన్‌ను డ్రైవర్ వెనక పెట్టి రోడ్డు కారు చేయాలని వాళ్ల కోరిక. యజమానికి రేసులంటే ఇష్టం లేదని తెలిసీ, పని అయిపోయాక రాత్రుళ్లు కూర్చుని గీశారు. ఫెరూచియో చూసి కోప్పడలేదు, కానివ్వమన్నాడు. పై రూపం బెర్తోనె సంస్థలో మార్చెల్లో గాందీని గీశాడు. అతనికీ అప్పుడు ఇరవై ఏడే. 1966లో జెనీవా ప్రదర్శనలో మియూరాను చూసి కార్ల లోకం నివ్వెరపోయింది. నాలుగు లీటర్ల ఇంజిన్, 350 హార్స్ పవర్, గంటకు 270 కిలోమీటర్లు దాటే వేగం. పోట్ల ఎద్దుల పెంపకానికి స్పెయిన్‌లో పేరు మోసిన కుటుంబం పేరే ఆ కారుకు పెట్టారు.

మియూరాను నేను కళ్లతో చూడలేదు. నడిపినవాళ్లు రాసినవి చదివాను, వీడియోలు చూశాను. చిత్రమేమిటంటే దాని నడక నాకు అర్థమైంది పుస్తకాల వల్ల కాదు, మా నాన్న వల్ల.

మా నాన్న మార్కాపురం పలకల గనుల నుంచి రాయి తోలే ట్రాక్టర్ డ్రైవర్. ట్రాక్టర్ సొంతం కాదు, యజమానిది. సెలవుల్లో ఇంజిన్ పక్కన మడ్‌గార్డు మీద నన్ను కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. వెనక బరువు ఎక్కువైతే మిట్ట ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలిపోతాయి, అప్పుడు స్టీరింగ్ తిప్పినా బండి వినదు. మియూరాలో జరిగేది సరిగ్గా ఇదే! ఇంజిన్ వెనక, పెట్రోలు ట్యాంకు ముందు. పెట్రోలు తగ్గేకొద్దీ ముక్కు తేలికవుతుంది, పెద్ద వేగంలో స్టీరింగ్ చేతిలో పట్టు తప్పినట్టు ఉంటుంది. బరువంతా నాలుగు చక్రాల మధ్య ఉండడం వల్ల మలుపుల్లో మాత్రం చటుక్కున తిరుగుతుంది. మన దోర్నాల, శ్రీశైలం ఘాట్ లాంటి దారిలో దాన్ని ఊహించుకోండి! ఇంజిన్ మోత తల వెనకే. వేడి వీపుకు తగులుతుంది. గేరు మార్చినప్పుడల్లా ఇనుప గాడిలో టక్కుమంటుంది. క్లచ్ తొక్కడానికి కాలి బలం కావాలి. సుఖమైన కారు కావాలన్న యజమాని ఫ్యాక్టరీలోనే ఇలాంటి పొగరుబోతు కారు పుట్టింది. 1973 దాకా సుమారు 760 మాత్రమే తయారయ్యాయి.

తర్వాత రోజులు బాగాలేవు. 1971లో బొలీవియా దేశంలో ప్రభుత్వం మారి, అక్కడి నుంచి వచ్చిన పెద్ద ట్రాక్టర్ల ఆర్డరు రద్దయింది. తయారైన ట్రాక్టర్లు అలాగే మిగిలిపోయాయి. 1972లో కార్ల కంపెనీలో సగానికి పైగా వాటా అమ్మేశాడు. ట్రాక్టర్ల కంపెనీ సామె అనే సంస్థకు వెళ్లింది. 1974లో మిగిలిన కార్ల వాటా కూడా వదిలేశాడు. ఉంబ్రియా ప్రాంతంలో త్రసిమేనో సరస్సు ఒడ్డున భూమి కొని మళ్లీ ద్రాక్షతోటకే వెళ్లిపోయాడు. అక్కడ చేసిన ద్రాక్షసారాయికి మియూరా రక్తం అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు. 1993 ఫిబ్రవరి 20న 76 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. కార్ల కంపెనీ చాలా చేతులు మారి 1998లో జర్మనీకి చెందిన ఆడీ చేతికి వచ్చింది. ఆయన పేరుతో ట్రాక్టర్లు ఈనాటికీ తయారవుతున్నాయి.

తమ్ముళ్లారా, ఈ కథ విని పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యమే అని నేను ముగించను. ఎందుకంటే ఫెరూచియో తండ్రికి తనఖా పెట్టడానికి పొలం ఉంది. మనలో చాలామంది నాన్నలకు అది లేదు. ఆ తేడాను మరిచిపోయి ఆయనలా అయిపోండి అని చెప్పడం మోసం.

నేను నేర్చుకున్నది వేరే ఉంది. ఏడో తరగతి నుంచి ప్రతి దరఖాస్తులోనూ తండ్రి వృత్తి అన్నచోట నేను వ్యవసాయం అని రాస్తూ వచ్చాను. మాకు సెంటు భూమి లేదు. డ్రైవర్ అని రాయడానికి సిగ్గు. పీజీలో ఉండగా ఒకచోట ఇంటర్వ్యూకు వెళితే, మీకెంత పొలం ఉంది, ఏం పండిస్తారు అని మామూలుగానే అడిగారు. నోట మాట రాలేదు. నాకున్న ఒక్క అబద్ధం నా ఎదుటే కూలిపోయింది. ఆ ఉద్యోగం రాలేదు. వచ్చే దారిలో బస్సులో కూర్చుని ఉద్యోగం గురించి కాదు, నాన్న గురించి బాధపడ్డాను. ఇన్నేళ్లూ ఆయన పనిని నేనే దాచిపెట్టాను.

ఫెరూచియోను ట్రాక్టర్లవాడు అని తక్కువ చేశారు. ఆయన ఆ పేరు దాచుకోలేదు. ఫెరారీ క్లచ్ విప్పినప్పుడు లోపం కనిపెట్టింది ఆ ట్రాక్టర్ల కన్నే. మనింట్లో రాయి చీల్చి పలక తీసే అమ్మకు ఏ రాయి ఎటు పగులుతుందో తెలుసు. ఇంజిన్ మోత విని జబ్బు చెప్పే నాన్నలు, మేస్త్రీ పనికి వలస పోయి నిలువు గోడ కట్టే మామయ్యలు మనకున్నారు. అది కూడా చదువే. మన చదువు దాని పక్కన చేరాలి గాని, దాన్ని కప్పిపెట్టకూడదు.

మొన్న ఒక పరీక్షకు దరఖాస్తు నింపాను. తండ్రి వృత్తి అన్న గడిలో ట్రాక్టర్ డ్రైవర్ అని రాశాను. ఇంటికి వెళ్లినప్పుడు నాన్నకు చూపించాను. ఆయన చదవలేడు. ఏం రాశానో చెప్తే ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత క్లచ్ ప్లేటు మార్చాలి, సాయం పట్టమని షెడ్డు వైపు నడిచాడు. వెనకే వెళ్లాను.