కొండభాషకు కోశకర్త – గిడుగు రామమూర్తి

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పేరు వినగానే తెలుగువారికి వ్యావహారిక భాషోద్యమం స్ఫురిస్తుంది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29వ తేదీ తెలుగు భాషా దినోత్సవంగా ప్రసిద్ధి పొందింది. కాని తెలుగు కోసం వాదానికి దిగడానికి చాలాకాలం ముందే ఆయన మరొక భాషకు సేవకుడయ్యారు. అది తూర్పు కనుమలలో నివసించే సవరల భాష. లిపి లేని ఆ భాషకు వ్యాకరణాన్నీ, నిఘంటువునూ సమకూర్చడంలో ఆయన జీవితంలోని అధిక భాగం గడిచిపోయింది.

రామమూర్తి 1863వ సంవత్సరంలో వంశధారా నదీ తీరాన, శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. తల్లి వెంకమ్మ. తండ్రి వీర్రాజు పర్వతాలపేట ఠాణాలో సముద్దారు అనే రెవెన్యూ ఉద్యోగి. కొంతకాలానికి ఆయనకు చోడవరానికి బదిలీ అయింది. అక్కడే 1875లో విషజ్వరం సోకి వీర్రాజు మరణించారు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్లు. తండ్రి నీడ తొలగిన ఆ బాలునికి విశాఖపట్నంలోని మేనమామ అండ లభించింది. విజయనగరంలోని మహారాజావారి పాఠశాలలో చేరి 1879లో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులయ్యారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. ఆనాటి స్నేహం తరువాతి కాలంలో తెలుగు వచనగతినే మార్చింది.

మరుసటి సంవత్సరం రామమూర్తి ముప్పై రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. బోధిస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పూర్తి చేశారు. చరిత్ర మీది మక్కువతో ముఖలింగ దేవాలయ శాసనాలను స్వయంగా చదవడం నేర్చుకున్నారు. శిలల మీది అక్షరాలలో పూర్వుల భాషను వెదికిన ఆ దృష్టి, క్రమంగా మనుష్యుల నోట పలికే సజీవ భాషవైపు మళ్లింది.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసించేవారు. వారి భాష ఉద్యోగులకూ, వర్తకులకూ తెలియదు. పల్లపు భాషలు వారికి అంతంతమాత్రమే. ఏ పని పడినా నడుమ దుబాసీ కావలసిందే. దుబాసీ చెప్పినదే సత్యమయ్యేది. తన మాట తాను చెప్పుకోలేనివాడు తన న్యాయాన్ని కూడా పొందలేడు. ఈ స్థితిని గమనించిన రామమూర్తి సవరలకు వారి భాషలోనే చదువు చెప్పాలని సంకల్పించారు. అందుకు ముందుగా తాను విద్యార్థి కావాలని గ్రహించారు. తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తన ఇంటిలోనే ఉంచుకొని, మాట వెంట మాటగా ఆ భాషను అభ్యసించారు.

సవర భాష ద్రావిడ కుటుంబానికి గాని, ఆర్య కుటుంబానికి గాని చెందినది కాదు. అది ముండా భాషలలో ఒకటి. మనం విడివిడి పదాలతో చెప్పే భావాన్ని ఆ భాషలో క్రియలోనే నామాన్ని ఇముడ్చుకొని ఒక్క పదంతో చెప్పవచ్చు. సవరల లెక్కింపు కూడా విశిష్టమైనది. వారు పన్నెండు వరకు లెక్కించి, పదమూడును పన్నెండు మీద ఒకటిగా చెబుతారు. ఇరవై దాటిన తరువాత ఇరవైలుగా లెక్కిస్తారు. ఆ పద్ధతిలో ముప్పైతొమ్మిది అంటే ఇరవై, పన్నెండు, ఏడు. అక్షరం లేని భాషను అనాగరికమని తలచే లోకానికి, అందులోనూ కట్టుదిట్టమైన వ్యవస్థ ఉన్నదని రామమూర్తి కృషి నిరూపించింది. ఆయన సవరలో పాఠ్యపుస్తకాలు వ్రాశారు. సొంత సొమ్ముతో పాఠశాలలు నెలకొల్పి ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. ఈ సేవకు గుర్తింపుగా 1913లో ప్రభుత్వం ఆయనకు రావు బహదూర్ బిరుదు ప్రసాదించింది.

సవరల నడుమ నేర్చిన పాఠమే తెలుగు విషయంలోనూ ఆయనకు దారి చూపింది. 1907లో పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్, గ్రంథాలలోని తెలుగుకూ ప్రజల నోటి తెలుగుకూ అంతటి భేదం ఎందుకన్న ప్రశ్నను లేవనెత్తారు. కొండబిడ్డకు ఇంటిభాషలో చదువు చెప్పడం న్యాయమైనప్పుడు, తెలుగుబిడ్డకు తాను మాట్లాడని భాషలో వ్రాయమనడం న్యాయం కాదు గదా! 1911లో ఉద్యోగ విరమణ చేసిన రామమూర్తి అటుపై ఈ ఉద్యమానికే అంకితమయ్యారు. 1919లో కందుకూరి వీరేశలింగం అధ్యక్షులుగా వెలసిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి కార్యదర్శిగా పనిచేశారు. తెలుగు అనే మాసపత్రికను నడిపారు. అది ఏడాదికే ఆగిపోయినా ఆయన ఆగలేదు.

మన్యంలో సంచరించినందుకు ఆయన చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. తండ్రిలాగే కొడుకునూ జ్వరం వెంటాడింది. మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి శక్తిని కోల్పోయారు. చెవితో విని భాషను సేకరించే పండితునికి ఇంతకంటె పెద్ద నష్టం ఉండదు. అయినా పని విడువలేదు. ముప్పై ఐదేళ్ల పరిశ్రమకు ఫలంగా ఆంగ్లంలో వ్రాసిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది. సవర–ఇంగ్లీషు కోశం 1938లో వెలువడింది. ఆ సంవత్సరమే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనను కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది.

ఈ రెండు గ్రంథాల నడుమ ఆయన జీవితంలో పెద్ద ఆఘాతం తగిలింది. భాషాప్రాతిపదికపై ఒరిస్సా రాష్ట్ర నిర్మాణం జరుగుతున్నప్పుడు, పర్లాకిమిడి ప్రాంతంలోని తెలుగువారిని సమైక్యపరచి, తెలుగు గ్రామాలు ఒరిస్సాలో చేరకూడదని ఆయన పాటుపడ్డారు. కొంత ఫలించింది. కాని పర్లాకిమిడి పట్టణం ఒరిస్సాలో చేరిపోయింది. 1936 ఏప్రిల్ 1న కొత్త రాష్ట్రం అవతరించనుండగా, ముందురోజు సాయంకాలమే ఆ వృద్ధుడు యాభై ఏళ్లకు పైగా నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరంలోని కుమారుని ఇంటికి తరలివెళ్లారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. అందుకు కొద్దిదినాల ముందు కూడా పత్రికా సంపాదకులను కలిసి వాడుకభాషను ఆదరించవలసిందిగా విజ్ఞప్తి చేశారు.

ఆయన నాటిన విత్తనం ఎండిపోలేదు. 1936లోనే మంగేయి గొమాంగో సవరకు సొరంగ్ సొంపెంగ్ అనే ప్రత్యేక లిపిని కల్పించారు. 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన బాలలకు మాతృభాషలో ప్రాథమిక విద్యాబోధన ప్రారంభించినప్పుడు ఎంపిక చేసిన ఎనిమిది భాషలలో సవర ఒకటి.

చిన్న భాషల గౌరవ సమస్య అన్ని దేశాలలోనూ ఉన్నది. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, పంతొమ్మిదో శతాబ్దంలో, కొన్ని పాఠశాలలలో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో అవమాన సూచకంగా చెక్కముక్కను వేలాడదీసేవారు. అదే వెల్ష్‌కు 2011 చట్టం వేల్స్‌లో అధికార భాషా ప్రతిపత్తినిచ్చింది. ఆ మార్పునకు అక్కడ ఎందరో పాటుపడ్డారు. సవర విషయంలో ఆ పనిని తొలుత తలకెత్తుకున్నది ఒక బడిపంతులు. తన భాషను ప్రేమించడం అందరికీ సహజం. తన తల్లిభాష కాని భాషకు బ్రతుకు ధారపోయడం అరుదు. తెలుగు భాషా దినోత్సవం నాడు తెలుగుతోపాటు సవరను కూడా తలచుకున్నప్పుడే గిడుగువారి స్మృతికి పూర్తి న్యాయం జరుగుతుంది.