జాక్ జాన్సన్: ఓడిపోతుంటే చూడాలని టికెట్ కొన్నారు.. రింగ్‌లో కుదరక జైలుకు పంపారు!

కొందరు బాక్సర్లు గెలవాలని జనం మొక్కుకుంటారు. ఇంకొందరు ఎప్పుడు ఓడతారా అని డబ్బులిచ్చి మరీ ఎదురుచూస్తారు. ఈ రెండో రకానికి ఆద్యుడు లాంటివాడు జాక్ జాన్సన్. హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయిన తొలి నల్లజాతి బాక్సర్. ఆయన్ను ఓడించేవాడి కోసం ఓ దేశం ఏళ్ల తరబడి వెతికింది. దొరక్కపోయేసరికి ఏం చేసిందో తెలిస్తే షాక్ అవుతారు.

అమెరికాలో శనివారం రాత్రి జరిగే పెద్ద ఫైట్లు మనకు ఆదివారం పొద్దున లైవ్‌లో వస్తాయి. నల్లగండ్లలో టిఫిన్ ప్లేటు పక్కన పెట్టుకుని ఫోన్‌లో ఫైట్ చూసే ఐటీ కుర్రాళ్లకు ఈ సరదా కొత్త కాదు. 2015లో ఫ్లాయిడ్ మేవెదర్, మ్యానీ పాకియావ్ తలపడినప్పుడు మేవెదర్ ఒక్కసారైనా ఓడిపోవాలని కోరుకున్నవాళ్లు కోకొల్లలు. ఆయనేమో 50 ఫైట్లు ఆడి, ఒక్కటీ ఓడకుండానే రిటైరయ్యాడు. మన సినిమాల్లో రాజనాల విలన్‌గా వస్తే తిట్టుకుంటూనే హాలు నింపలేదూ? ఇదీ అంతే. కానీ సినిమా విలన్ మీద కోపం హాలు బయటికొస్తే పోతుంది. జాన్సన్ విషయంలో అలా పోలేదు.

బానిసల ఇంట పుట్టి..

1878 మార్చి 31న టెక్సాస్ రాష్ట్రంలోని గాల్వెస్టన్ అనే రేవు పట్టణంలో జాన్సన్ పుట్టాడు. తల్లిదండ్రులిద్దరూ ఒకప్పుడు బానిసలు. తండ్రి స్కూల్లో ఊడ్చే పని చేసేవాడు. చదువు కొద్దిగానే సాగింది. రేవులో కూలి పని చేస్తూనే పిడిగుద్దుల పోటీల్లోకి దిగాడు.

1901లో జో కోయిన్‌స్కీ అనే అనుభవజ్ఞుడు మూడో రౌండ్‌లోనే జాన్సన్‌ను నాకౌట్ చేశాడు. అప్పట్లో టెక్సాస్‌లో డబ్బు కోసం బాక్సింగ్ ఆడటం నేరం. పోలీసులు వచ్చి ఇద్దర్నీ జైల్లో పడేశారు. అక్కడే జాన్సన్ దశ తిరిగింది. కొట్టినవాడే గురువయ్యాడు. దెబ్బ తప్పించుకోవడం ఎలాగో, ఎదుటివాడి తప్పు కోసం ఓపిగ్గా ఎలా కాచుకోవాలో ఆ జైల్లోనే నేర్పాడు. జాన్సన్ ఆట మొత్తం తర్వాత దాని మీదే నిలబడింది.

14 రౌండ్లు.. ఆగిపోయిన కెమెరా

అప్పట్లో నల్లజాతి బాక్సర్లకు వేరే టైటిల్ ఉండేది. 1903లోనే జాన్సన్ అది గెలిచాడు. అసలు ప్రపంచ టైటిల్ జోలికి మాత్రం రానివ్వలేదు. అప్పటి ఛాంపియన్ జేమ్స్ జెఫ్రీస్ నల్లవాడితో టైటిల్ ఫైట్ ఆడనంటే ఆడనన్నాడు. 1905లో ఓటమి లేకుండానే తప్పుకుని పొలం చూసుకున్నాడు.

తర్వాత టైటిల్ కెనడాకు చెందిన టామీ బర్న్స్ చేతికొచ్చింది. జాన్సన్ అతని వెంటపడి ఇంగ్లండ్ వెళ్లాడు, అక్కడి నుంచి ఆస్ట్రేలియా వెళ్లాడు. చివరికి 30 వేల డాలర్లు ఇస్తేనే ఆడతానని బర్న్స్ షరతు పెట్టాడు. జాన్సన్‌కు దక్కింది 5 వేలు. 1908 డిసెంబర్ 26న సిడ్నీలో ఫైట్ జరిగింది. గుద్దుతూ, నవ్వుతూ, మధ్యమధ్యలో బర్న్స్‌ను మాటలతో ఆటపట్టిస్తూ జాన్సన్ 14 రౌండ్లు ఆడుకున్నాడు. బర్న్స్ పడిపోయే స్థితిలో పోలీసులు కలగజేసుకుని ఫైట్ ఆపేశారు. కెమెరా కూడా ఆగిపోయింది. తెల్లవాడు పడిపోయే దృశ్యం తెరమీద కనిపించకూడదన్నది ఉద్దేశం.

కోపానికి అసలు కారణం ఏంటి?

జాన్సన్ గెలవడం ఒక్కటే అయితే కొందరైనా సర్దుకునేవారేమో. కానీ ఆయన తల దించుకునే మనిషి కాదు. బంగారు పళ్లు మెరిసేలా నవ్వేవాడు. ఖరీదైన సూట్లు వేసేవాడు. రేసు కార్లలో దూసుకెళ్లి జరిమానాలు కట్టేవాడు. అన్నిటికంటే ముఖ్యంగా, తెల్లజాతి మహిళలతో బహిరంగంగా తిరిగేవాడు. వాళ్లనే పెళ్లి కూడా చేసుకున్నాడు. అలాంటి పెళ్లి అనేక రాష్ట్రాల్లో నేరమైన రోజులవి. నల్లవాళ్లను కొట్టి చంపే గుంపులు స్వేచ్ఛగా తిరుగుతున్న రోజులు కూడా.

ఆయన్ను ఓడించే మొనగాడి కోసం తెల్లవాళ్ల వేట మొదలైంది. నవలా రచయిత జాక్ లండన్ సిడ్నీ ఫైట్ చూసి, జెఫ్రీస్ మళ్లీ రింగ్‌లోకి రావాల్సిందేనని పత్రికలో రాశాడు. ప్రతి కొత్త బాక్సర్‌నూ తెల్లజాతి ఆశాకిరణంగా ప్రచారం చేశారు. ఈ ద్వేషమే జాన్సన్‌కు కాసులు కురిపించింది. అది ఆయనకూ బాగా తెలుసు.

రీనోలో మహా పోరు.. ఆ తర్వాత నెత్తురు

చివరికి జెఫ్రీస్ ఒప్పుకున్నాడు. ఐదేళ్లకు పైగా పొలంలో గడిపి బాగా లావైన ఆయన దాదాపు 45 కిలోలు తగ్గాడు. 1910 జులై 4, అమెరికా స్వాతంత్ర్య దినం. నెవాడా రాష్ట్రంలోని రీనో పట్టణం. ప్రైజ్ మనీ లక్షా వెయ్యి డాలర్లు. దాదాపు 20 వేల మంది జనం, వారిలో అత్యధికులు తెల్లవాళ్లు. గొడవలవుతాయన్న భయంతో తుపాకులను లోపలికి రానివ్వలేదు.

ఫైట్ ఏకపక్షంగా సాగింది. కెరీర్‌లో ఎన్నడూ కింద పడని జెఫ్రీస్ 15వ రౌండ్‌లో పడ్డాడు. లేచాడు.. మళ్లీ పడ్డాడు. నాకౌట్ అవమానం తప్పించడానికి ఆయన మనుషులే ఫైట్ ఆపించారు.

ఆ రాత్రి అమెరికాలోని పలు నగరాల్లో అల్లర్లు చెలరేగాయి. సంబరం చేసుకుంటున్న నల్లజాతివాళ్ల మీద గుంపులు పడ్డాయి. దాదాపు 20 మంది చనిపోయారు. వందల మంది గాయపడ్డారు. ఫైట్ సినిమాను చాలా నగరాలు నిషేధించాయి. 1912లో ఏకంగా అమెరికా కాంగ్రెస్సే బాక్సింగ్ సినిమాలను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్లకుండా చట్టం చేసింది. 1911లో లండన్‌లో జాన్సన్ ఆడాల్సిన ఫైట్‌ను బ్రిటన్ హోంమంత్రిగా ఉన్న విన్‌స్టన్ చర్చిల్ అడ్డుకున్నాడు. భారత్ లాంటి వలసలను ఏలుతున్న బ్రిటన్‌కు, నల్లవాడి చేతిలో తెల్లవాడు దెబ్బలు తినే దృశ్యం ఇబ్బందికరమే మరి.

రింగ్‌లో కుదరనిది కోర్టులో..

జాన్సన్ మచ్చలేని మనిషేం కాదు. మొదటి తెల్లజాతి భార్య ఎటా డూరియాను కొట్టిన సందర్భాలున్నాయి. 1912 సెప్టెంబర్‌లో ఆమె ఆత్మహత్య చేసుకుంది. ఛాంపియన్ అయ్యాక తోటి నల్లజాతి బాక్సర్లకు టైటిల్ అవకాశం దాదాపు ఇవ్వలేదు. శామ్ లాంగ్‌ఫోర్డ్ లాంటి మేటి బాక్సర్ ఎదురుచూపులతోనే మిగిలిపోయాడు. ఆయన తీరును నల్లజాతి పెద్దల్లో కొందరు తప్పుబట్టారు.

కానీ ప్రభుత్వం పట్టుకున్నది వీటిని కాదు. వ్యభిచారం కోసం మహిళలను రాష్ట్రాలు దాటించడాన్ని అడ్డుకునే చట్టం కింద కేసు పెట్టింది. మొదట లూసిల్ కామెరాన్ అనే యువతిని సాక్షిగా నిలబెట్టాలని చూస్తే ఆమె సహకరించలేదు. పైగా ఆయన్నే పెళ్లాడింది. దాంతో పాత స్నేహితురాలు బెల్ ష్రైబర్ సాక్ష్యంతో కేసు నడిపారు. 1913లో అంతా తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ దోషిగా తేల్చింది. శిక్ష ఏడాది ఒక రోజు. జాన్సన్ కెనడా మీదుగా ఫ్రాన్స్‌కు పారిపోయాడు.

1915 ఏప్రిల్ 5న క్యూబా రాజధాని హవానాలో జనం కోరిక తీరింది. 37 ఏళ్ల జాన్సన్‌ను 26వ రౌండ్‌లో జెస్ విల్లార్డ్ నాకౌట్ చేశాడు. కావాలనే ఓడిపోయానని జాన్సన్ తర్వాత చెప్పుకున్నా, నమ్మనివాళ్లే ఎక్కువ. ఆ తర్వాత 22 ఏళ్లపాటు ఏ నల్లజాతి బాక్సర్‌కూ హెవీవెయిట్ టైటిల్ కోసం ఆడే అవకాశం రాలేదు. 1937లో జో లూయిస్ ఛాంపియన్ అయ్యాడు. తెల్లజాతి మహిళలతో ఫొటో దిగొద్దని, ఓడినవాడి ముందు సంబరపడొద్దని లూయిస్‌కు ముందే కట్టుబాట్లు పెట్టారు. అంటే జాన్సన్‌లా ఉండొద్దని!

105 ఏళ్ల తర్వాత క్షమాభిక్ష

1920లో జాన్సన్ తిరిగొచ్చి లొంగిపోయాడు. లెవెన్‌వర్త్ జైల్లో శిక్ష అనుభవించి 1921 జులైలో విడుదలయ్యాడు. టైటిల్ అవకాశం మళ్లీ రాలేదు. 1946 జూన్ 10న నార్త్ కరోలినాలో కారు ప్రమాదంలో 68 ఏళ్ల వయసులో చనిపోయాడు. అంతకు కాసేపటి ముందే ఒక హోటల్లో నల్లవాడన్న కారణంతో అవమానించారని, ఆ కోపంలోనే కారు వేగంగా నడిపాడని చెబుతారు. షికాగోలో ఎటా సమాధి పక్కనే ఆయన్ను పాతిపెట్టారు.

2018 మే 24న అప్పటి అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ జాన్సన్‌కు మరణానంతర క్షమాభిక్ష ఇచ్చారు. అప్పటికి తీర్పు వచ్చి 105 ఏళ్లు, ఆయన పోయి 72 ఏళ్లు. సిడ్నీలో ఆగిన కెమెరా, రీనో తర్వాత నిషేధించిన సినిమా, షికాగోలో వేసిన శిక్ష.. ఇన్ని చేసినా ఆయన గెలుపును మాత్రం రికార్డుల్లోంచి ఎవరూ తీసేయలేకపోయారు.