క్లౌ దొరగారి కొలతగొలుసు

విజయవాడకు ఎదుట కృష్ణ కుడియొడ్డున సీతానగరము కడ బయలుదేరు కాలువ దుగ్గిరాల దాటి, కొమ్మమూరు కాలువ యను పేర దక్షిణమునకు సాగి, పెదగంజామువద్ద బకింగుహాము కాలువతో కలియును. బెజవాడలో పడవ యెక్కినవారు ఒకప్పుడు ఈ నీటిమార్గముననే చెన్నపట్టణము చేరుచుండిరి. మన తాతలు ఎరిగిన ఆ పడవలు నేడు లేవు. ఆ బకింగుహాము కాలువలో ఒంగోలు సమీపమున మూడున్నర మైళ్ల భాగమును త్రవ్వించిన జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఇంజనీరు పరీక్ష ఎన్నడును ఇచ్చినవారు కారు. కొలతపని ఆయనకు ఎక్కడ అబ్బినదో మా విద్యార్థులకు తెలుపుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

క్లౌగారు 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన న్యూయార్కు రాష్ట్రములో ఫ్రూస్‌బర్గు గ్రామ సమీపమున ఒక రైతు ఇంట జన్మించిరి. అమెరికా బాప్తిస్టుల తెలుగు మిషను స్థాపకులు డే దొరగారు మన దేశమునకు వచ్చినదియు ఆ సంవత్సరమే. ఆ కాలమున అమెరికా తూర్పుసీమలోని రైతులు అనేకులు క్రొత్తభూములకై పడమటికి తరలిపోవుచుండిరి. క్లౌగారి కుటుంబమును అట్లే బయలుదేరి, తొలుత ఇల్లినాయిలోను, పిమ్మట అయోవాలోను నివసించెను. అయోవా 1846లో మాత్రమే రాష్ట్రమైనది. అట్టిచోట కాపురమనగా దుక్కి యెరుగని బీడును దున్నుకొనుట, దుంగలతో ఇల్లు కట్టుకొనుట, అంగడి లేనందున కావలసినదెల్ల ఇంటనే చేసికొనుట. పిల్లలకు బడికన్న పొలమే ఎక్కువ పరిచయము.

ఇరువదియేండ్లు నిండకమునుపే క్లౌగారు మిన్నెసోటాలో ప్రభుత్వపు సర్వేదళమున చేరిరి. ఆ పని ఎట్టిదో కొంచెము చెప్పవలెను. మనుష్యసంచారము లేని అడవిని, గడ్డిబయలును ఆరేసి మైళ్ల చదరములుగా విభజింతురు. ఒక్కొక్క చదరమున 36 భాగములు. భాగమునకు 640 ఎకరములు. కొలుచుటకు 66 అడుగుల ఇనుపగొలుసు. అట్టి గొలుసులు 80 అయిన ఒక మైలు. గొలుసు పట్టువారు చిత్తడినేలలో మొలలోతున దిగియైనను గీత వంకరపోకుండ నడువవలెను. రాత్రులు గుడారములలో పరుండి, మంచునకు, దోమలకు ఓర్చుకొని, క్లౌగారు కొలది సంవత్సరములలోనే ఆ పనియందు ఆరితేరిరి.

ఇచ్చట ఒక్క సంగతి మరువరాదు. ఆ భూములు ఎవరివియు కావని వలసరైతులు తలచిరి గాని, అవి డకోటా జాతివారివి. 1851లోని ఒప్పందములచేత వారి భూమిలో అత్యధిక భాగము వారి చేజారినది. క్లౌగారి బాల్యపు ఇక్కట్లను చదివి జాలిపడువారు ఆ జాతివారి దుఃఖమును కూడ తలచుట న్యాయమని మాకు తోచుచున్నది.

న్యాయవాది కాగోరి ఆయన బర్లింగుటనులోని విద్యాశాలలో చేరెను. మతమన్న అప్పుడాయనకు గిట్టదు. తన గదిలోని సహపాఠి ప్రార్థన చేయుట చూచి విసిగి, గదిమధ్య సుద్దతో గీత గీచి, ఆ గీత దాటి ప్రార్థన ఇవతలికి రాగూడదని కట్టడ చేసెనని చెప్పుదురు. సర్వేవాని బుద్ధి ఎక్కడికి పోవును! ఆ గీత ఎక్కువకాలము నిలువలేదు. 1858లో ఆయన బాప్తిస్మము పొందెను.

హారియెట్ సండర్‌లాండు అను యువతిని వివాహమాడి, 1864 నవంబరు 30వ తేదీన భార్యతోను చిన్న కుమారునితోను బోస్టనులో ఓడ యెక్కెను. అమెరికాలో అంతర్యుద్ధము ఇంకను ముగియలేదు. 1865 ఏప్రిలులో చెన్నపట్టణము చేరిరి. నెల్లూరులో జ్యూయెట్ దొరగారియొద్ద తెలుగు నేర్చుకొని, 1866 సెప్టెంబరులో ఒంగోలున కాపురము పెట్టిరి.

అప్పటికే ఎర్రగుంట్ల పేరయ్యగారు క్రైస్తవుడై యుండెను. ఈయన మాదిగ కులస్థుడు. తోళ్ల వ్యాపారమునకై ఉత్తరమున ఏలూరు ప్రాంతమునకు పోయి, అక్కడ క్రీస్తు వార్త విని వచ్చినవాడు. ఆయన వెంట ఆయన జనులు రాసాగిరి. ఒంగోలులోని ఉన్నతకులస్థులు దొరగారిపట్ల స్నేహముగానే యుండిరి గాని, మాదిగలను చేర్చుకొన్నచో తాము రామని స్పష్టముగా తెలిపిరి. దొరగారు కలతచెంది తన గదిలో బైబిలు తెరువగా, లోకములో నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకొనెనను కొరింథీ పత్రికలోని భాగము కనబడెను. అదే సమయమున వేరొక గదిలో హారియెట్ దొరసానిగారు తెరచిన గ్రంథమునను అదే భాగము కనబడెను. దంపతులు ఒకరితో నొకరు చెప్పుకొని ఆశ్చర్యపడిరి. వచ్చినవారిని త్రోసివేయరాదని ఆనాడే నిశ్చయించుకొనిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనమండ్రు సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడెను.

1876లో వానలు కురియలేదు. 1878 వరకును ఆ మహాక్షామము దక్షిణదేశమును పీడించెను. కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తియైనందున డెల్టాలో కాలువక్రింది ఊళ్లకు కొంత ఆదరువుండెను. ఒంగోలు సీమకు ఆ ఆధారము లేదు. ప్రభుత్వమువారు కరవుపనిగా బకింగుహాము కాలువ త్రవ్వించుచుండిరి. పనికి పోయిన మాదిగలను పైయధికారులు తిట్టి కొట్టుదురను భయముచే అనేకులు పోజాలక, ఆకలితో పల్లెలలోనే పడియుండిరి. అప్పుడు క్లౌగారు మూడున్నర మైళ్ల పనిని తామే గుత్తకు తీసికొనిరి. గొలుసు మరల చేతికి వచ్చెను. బోధకులే మేస్త్రీలైరి, పురుషులు త్రవ్వగా స్త్రీలు గంపలతో మన్ను మోసిరి. కులభేదము లేక వేలకొలది జనులు అక్కడ కూలి సంపాదించుకొని బ్రదికిరి. కలరాయు, ఆకలియు తరుముకొని వచ్చినవారిలో పనిస్థలము చేరియు దక్కనివారు కలరు.

పనివిశ్రాంతివేళల బోధకులు చెప్పిన మాటలు విని అనేకులు బాప్తిస్మము కోరిరి. క్లౌగారు అంగీకరింపలేదు. కూటికై మతము మారిరన్న మాట రాగూడదని పదునైదు మాసములు ఎవరికిని బాప్తిస్మము ఈయక నిలిపియుంచిరి. గుత్తపని తీసికొనుటకన్న ఈ నిరాకరణమే కష్టతరమైనదని మా అభిప్రాయము. రేపు బ్రదికియుందుమో లేదో యెరుగనివారికి కాదని చెప్పుట సులభము కాదు. కరవుసాయము ముగిసిన పిమ్మటనే తలుపు తెరచిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. దేశీయ బోధకులు ఆరుగురు, ఒకమారు ఇద్దరు చొప్పున వంతులు వేసికొని ఆ కార్యము నెరవేర్చిరి. ఇంత త్వరపాటు తగునా యని స్వదేశములోనే కొందరు ఆక్షేపించిరి గాని దొరగారు వెనుదీయలేదు.

హారియెట్ దొరసానిగారు 1893లో మరణించిరి. మరుసటి యేడు క్లౌగారు ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహమాడిరి. ఈమె స్విట్జర్లాండులోని బెర్ను విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందిన విదుషీమణి. ఆనాటి స్త్రీలలో అది అరుదు. మాదిగ వృద్ధులు చెప్పిన కథలను, వారి ఆచారములను శ్రద్ధగా విని, 1899లో ఒక ఆంగ్లగ్రంథముగా వెలువరించెను. పేరయ్యగారివంటి వారి సంగతులు నేడు మనకు ఇంతమాత్రము తెలియుటకు ఆమె శ్రమయే చాలవరకు కారణము.

చివరి సంవత్సరములలో క్లౌగారు దేహము సరిగా కదల్పలేని స్థితిలో ఉండి, తమ కథను ఎమ్మాగారికి చెప్పుచు వ్రాయించిరి. 1910 నవంబరులో అమెరికాలో పరమపదించిరి. ఆమె ఆ వ్రాతను ముగించి, భర్త తానే చెప్పుచున్నట్లుగా కూర్చి 1914లో ప్రకటించెను. మిన్నెసోటా అడవిలోని గొలుసుపనియు, ఒంగోలు కాలువగట్టుపై మన్ను మోసినవారి సంగతియు ఆ పుస్తకమునందే యున్నవి.