అనుమతి కోరని గ్రంథము

జాన్ మిల్టను 1608 డిసెంబరు 9వ తేదీన లండను నగరమున జన్మించెను. కేంబ్రిడ్జిలో విద్య ముగించి, 1638లో ఇటలీకి పోయెను. భూమి సూర్యుని చుట్టు తిరుగుచున్నదని సమర్థించినందుకు ఫ్లారెన్సు చెంత గృహనిర్బంధమున నున్న వృద్ధ గెలీలియోను అచ్చట చూచినట్లు తరువాత ఆతడే వ్రాసికొనెను. పండితుని నోరు కట్టివేసిన దేశమున విద్య ఎట్లు కృశించునో ఆ యాత్ర ఆతనికి నేర్పెను.

1642లో ఇంగ్లండున రాజునకును పార్లమెంటునకును యుద్ధము పొసగెను. కరపత్రములు వెల్లువలై వచ్చెను. ప్రజాపక్షమున నిలిచిన ఆ పార్లమెంటే, 1643 జూనులో, అనుమతి లేక ఏ గ్రంథమును అచ్చొత్తరాదని శాసించెను. ఆ యేడే మిల్టను విడాకులను సమర్థించి వ్రాసిన పుస్తకము మతాచార్యులకు ఆగ్రహము తెప్పించెను.

దీనికి ఆతడు 1644 నవంబరులో 'ఏరియోపజిటికా'తో బదులు చెప్పెను. దానికి అనుమతి కోరలేదు. ముఖపత్రమున ముద్రాపకుని పేరు లేదు గాని గ్రంథకర్త పేరు స్పష్టముగ నుండెను. సత్యము అసత్యముతో బహిరంగముగ పోరాడి గెలువవలెననియు, చెడుగు నెరుగని మంచితనము పరీక్షకు నిలువదనియు ఆతని వాదము. పార్లమెంటు చెవినిడలేదు.

ఐనను ఆ స్వేచ్ఛకు ఆతడే హద్దులు గీసెను. రోమను కాథలిక్కులకు అందు చోటు లేదు. ప్రకటనానంతరము దోషమని తేలిన గ్రంథమును శిక్షింపవచ్చునని ఒప్పుకొనెను. 1649లో రాజు శిరచ్ఛేదము పొందిన పిమ్మట కొత్త ప్రభుత్వమున విదేశభాషల కార్యదర్శియై, 1651లో ప్రభుత్వపక్షపు వార్తాపత్రికకు అనుమతి నొసగు పనిని సైతము నిర్వహించెను. ఏ ద్వారమును పగులగొట్టబూనెనో ఆ ద్వారముకడనే కావలి కాచెను.

1652 నాటికి ఆతడు పూర్తిగ అంధుడయ్యెను. 1660లో రాజరికము మరలి వచ్చెను. ఆతని గ్రంథములను తలారిచే తగులబెట్టించిరి. ఆతనిని కొంతకాలము చెరయందుంచిరి. 1667లో వెలువడిన 'పారడైజ్ లాస్టు' మహాకావ్యము సైతము మతాధికారి పరిశీలన దాటవలసి వచ్చెను. 1674 నవంబరు 8వ తేదీన ఆతడు కన్నుమూసెను.

1695లో నాటి లైసెన్సు చట్టము కాలము ముగిసి, మరల పొడిగింపబడలేదు. మిల్టను వాదముకంటె, చట్టమువలన ముద్రణవ్యాపారమునకు కలిగిన చిక్కులే అందుకు ఎక్కువ కారణము. కాని తరువాతి తరములవారు పత్రికాస్వేచ్ఛకై పోరాడినప్పుడెల్ల ఆయుధముగ గైకొన్నది ఆ చిన్న పుస్తకమునే. చెప్పినవాడు తన మాటకు పూర్తిగ కట్టుబడలేకపోయెను. మాట మాత్రము చెప్పినవానిని మించి పెరిగెను.