'రెండు' పాటకు అర్థం చెప్పిన కల్బర్ట్‌సన్

మనకు రమ్మీ ఎలాగో 1930ల నాటి అమెరికాకు కాంట్రాక్ట్ బ్రిడ్జి అలాగ. ఆ పిచ్చిని ఇంటింటికీ ఎక్కించింది ఈలీ కల్బర్ట్‌సన్. ఆయన 1891లో రుమేనియాలో పుట్టారు. తండ్రి అమెరికన్, తల్లి రష్యన్. 1917 విప్లవంలో కుటుంబ ఆస్తి ఊడ్చుకుపోతే, అమెరికాలో పేకముక్కలనే నమ్ముకుని బతికారు.

బ్రిడ్జిలో ఎదురెదురుగా కూర్చునేవాళ్లు జోడీ. చేతిలో ఏముందో నోరు విప్పి చెప్పకూడదు, వేలం పాటతోనే తెలియాలి. 'రెండు'తో పాట మొదలెడితే చెయ్యి బ్రహ్మాండంగా ఉన్నట్టు, గేమ్ స్థాయి చేరేదాకా జోడీ ఆగకూడదన్నది కల్బర్ట్‌సన్ లెక్క. 1931-32లో న్యూయార్క్‌లో సిడ్నీ లెంజ్‌పై 150 రబ్బర్ల పోటీ నెగ్గాక జనానికి ఆయన పద్ధతే వేదమైంది.

చిక్కల్లా, అంత మంచి ముక్కలు ఎప్పుడో గానీ పడవు. అంత పదునైన పాట ఊరికే మూలన పడుంటే ఎలా? న్యూయార్క్ ఆటగాడు హోవార్డ్ షెంకెన్ వంటివాళ్లు దాన్ని తిరగేశారు. ఒకే రంగువి ఆరు ముక్కలుండి, బలం తక్కువైతే 'రెండు' అనడమే! అవతలి జోడీ పాటకు చోటు తగ్గిపోతుంది. ఇప్పుడు అమెరికా క్లబ్బుల్లో ఎక్కువగా ఇదే నడుస్తోంది. బలమైన చేతికి 'రెండు కళావర్లు' ఒక్కటే మిగిలింది.

కల్బర్ట్‌సన్ మాత్రం తర్వాత ప్రపంచ శాంతి ప్రణాళికల్లో పడ్డారు. 1955లో వెర్మాంట్‌లో కన్నుమూశారు.