అలిసిన చేతికి మరో పని

మదనపల్లె అనగానే మా రాయచోటి వాళ్లకి టమోటా మార్కెట్టూ, హార్స్‌లీ కొండలూ గుర్తొస్తాయి. పొద్దున బస్సెక్కితే పని చూసుకుని సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ ఆ ఊరికి వచ్చారనీ, 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడేననీ బడిపిల్లలు కూడా చెప్తారు. మరి అంతటి మనిషి అక్కడికి ఎందుకొచ్చినట్టు? సన్మానం కోసమైతే కాదు. కాస్త నడుం వాల్చడానికి!

అప్పటికి ఆయనకి 57 ఏళ్లు. నోబెల్ బహుమతి వచ్చి ఐదేళ్లు దాటింది. దేశదేశాల్లో పేరు మోగిపోతోంది. లోపల మాత్రం మనిషి బాగా అలిసిపోయాడు. అంతకు ముందు ఏడాది మేలోనే పెద్ద కూతురు మాధురీలత కన్నుమూసింది. డిసెంబరులో విశ్వభారతికి శంకుస్థాపన చేసి, ఆ భారం నెత్తిన పెట్టుకుని దక్షిణాదిలో ఊరూరా ఉపన్యాసాలు ఇస్తూ తిరిగారు.

ఇలా అలిసిపోవడం ఆయనకి కొత్త కాదు. 1861లో కలకత్తాలో, కలిగిన ఇంట్లోనే పుట్టారు. కష్టాలు మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోలేదు. 1902లో భార్య మృణాళినీదేవి, మరుసటి ఏడు కూతురు రేణుక, 1905లో తండ్రి, 1907లో చిన్న కొడుకు శమీంద్ర వరసగా పోయారు. ఒక్కొక్కరినీ సాగనంపుతూనే బడి నడిపారు, పాటలు కట్టారు. 1912 మార్చిలో ఇంగ్లండు వెళ్లడానికి సామాను సర్దుకున్నాక, తీరా ఓడెక్కే వేళకి జబ్బు పడ్డారు. డాక్టర్లు ప్రయాణం వద్దన్నారు. పద్మా నది తీరాన, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న షిలైదహాలోని తమ ఇంటికి వెళ్లిపోయారు.

కొత్తది రాద్దామంటే ఓపిక లేదు. ఊరికే కూర్చుందామంటే మనసు ఒప్పుకోదు. ఈ అవస్థ కలం పట్టిన వాళ్లకే కాదు, సంగీతం నేర్చుకున్నవాళ్లకీ, కుట్లూ అల్లికలూ చేసేవాళ్లకీ తెలుసు. అప్పుడాయన ఒక చిన్న పని పెట్టుకున్నారు. తను ఎప్పుడో రాసుకున్న బెంగాలీ పాటల్ని ఒకటొకటిగా ఇంగ్లీషులోకి రాసుకోవడం మొదలుపెట్టారు. అచ్చు వేయించాలని కాదు, ఎవరి మెప్పు కోసమూ కాదు. ఆ పాటలు పుట్టినప్పటి సంతోషాన్ని మళ్లీ ఒకసారి రుచి చూడాలని! నోటు పుస్తకం నిండింది. మేలో ఓడెక్కాక ఇంకో పుస్తకం మొదలైంది.

లండన్లో పెద్ద గండమే తప్పింది. కొడుకు రథీంద్రనాథ్ ఆ రాతప్రతి ఉన్న సంచీని భూగర్భ రైలులో మర్చిపోయాడు. పోయిన సామాను దాచే ఆఫీసులో అది భద్రంగా దొరికింది కాబట్టి సరిపోయింది. ఆ నవంబరులో ఇంగ్లీషు 'గీతాంజలి' వెలువడింది, సరిగ్గా ఏడాదికి నోబెల్ వచ్చింది. మనలో చాలామందికి చలం గారి తెలుగులో పరిచయమైన గీతాంజలికి మూలం, ఒంట్లో బాగాలేక కొత్తది రాయలేని రోజుల్లో చేసుకున్న ఆ పనే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆయనది జమీందారీ కుటుంబం. ఒళ్లు బాగాలేకపోతే నది ఒడ్డున కూర్చునే వీలుంది. మనకి జ్వరమొచ్చినా పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టక తప్పదు. అయినా ఆ పద్ధతి మాత్రం మనకీ అందుతుంది. కథ కదలని రోజుల్లో పాత కథ ఒకటి తీసి సాపు రాసుకోవడం నాకు అలవాటు. సగం పేజీ అయ్యేసరికి చెయ్యి దానంతటదే దారిలో పడుతుంది.

మదనపల్లెలోనూ అలాంటిదే జరిగింది. అక్కడి బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఆయనకి ఆతిథ్యమిచ్చారు. కజిన్స్ భార్య మార్గరెట్ సంగీతంలో పట్టా పుచ్చుకున్న ఐరిష్ మహిళ. ఆడవాళ్ల ఓటుహక్కు కోసం సొంత దేశంలో జైలుకి కూడా వెళ్లొచ్చిన మనిషి. ఒక సాయంత్రం విద్యార్థుల ముందు టాగోర్ 'జనగణమన' పాడారు. 1911లోనే కలకత్తా కాంగ్రెస్ సభలో పాడిన పాటే అది, కొత్తదేం కాదు. ఫిబ్రవరి 28న దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. దాని వరసను స్వరాలుగా రాసిపెట్టింది మార్గరెట్. 1950లో అది జాతీయగీతమైంది. మన పాఠ్యపుస్తకాలు ఈ ఇల్లాలి పేరు ఇంకొంచెం గట్టిగా చెప్తే బాగుండును.

అక్కడ తీసుకున్న ఊపిరి ఎంత అవసరమో తర్వాత తెలిసింది. ఏప్రిల్‌లో జలియన్‌వాలాబాగ్ ఘోరం జరిగింది. మే చివర్లో ఆయన బ్రిటిష్ వాళ్లిచ్చిన 'సర్' బిరుదు వదిలేశారు.

ముచ్చటైన సంగతి ఇంకొకటి ఉంది. రాతప్రతుల్లో కొట్టేసిన మాటల్ని ఊరికే వదిలేసేవారు కాదు. ఆ గీతల్ని ఒకదానితో ఒకటి కలిపి పక్షిగానో, వింత జంతువుగానో మార్చేవారు. చీర చిరిగిన చోట మనం పువ్వు కుట్టినట్టన్నమాట. 1924లో అర్జెంటీనాలో జబ్బుపడి విక్టోరియా ఒకాంపో అనే రచయిత్రి ఆతిథ్యంలో ఉన్నప్పుడు, ఆవిడ ఆ గీతలు చూసి ముచ్చటపడింది. 1930 మేలో పారిస్‌లో ఆయన బొమ్మల తొలి ప్రదర్శనకి పూనుకున్నదీ ఆవిడే. బొమ్మల బడి ముఖం చూడని మనిషి, అరవై దాటాక కుంచె పట్టి రెండువేలకు పైగా చిత్రాలు వేశారు!

1937లో స్పృహ తప్పి మృత్యువు దాకా వెళ్లొచ్చారు. లేచి కూర్చున్నాక ఆ చీకటి మీదే కవితలు రాశారు. 1941 జూలై 30న ఆపరేషన్‌కి ముందు పడుకునే ఒక కవిత చెప్తే, పక్కనున్నవాళ్లు రాసుకున్నారు. తర్వాత దిద్దుతానన్నారట. ఆగస్టు 7న కన్నుమూశారు. ఆ ఒక్క కవితా కొట్టివేతలు లేకుండా అలాగే ఉండిపోయింది.