బ్రాడ్‌వే కింద మరుగున పడ్డ సొరంగం

మన చెన్నైలో మెట్రో కోసం మెట్లు దిగినప్పుడల్లా నాకు ఆల్‌ఫ్రెడ్ ఈలీ బీచ్ గుర్తొస్తారు. ఆయన న్యూయార్క్ నేల కింద వేసిన రైలు దారి మొత్తం పొడవు 312 అడుగులే. ఒక సందు మొదలు నుంచి పక్క సందు దాకా, అంతే! ఆ కాస్త దారి కోసం ఆయన పడ్డ పాట్లు మాత్రం చిన్నవి కావు.

బీచ్ 1826లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుట్టారు. తండ్రి న్యూయార్క్ సన్ అనే దినపత్రికకు యజమాని. కొడుకు అక్కడే పని నేర్చుకున్నారు. ఇరవయ్యేళ్లు నిండకముందే, 1846లో, చదువుకునే రోజుల నాటి స్నేహితుడు ఆర్సన్ మన్‌తో కలిసి సైంటిఫిక్ అమెరికన్ పత్రికను కొన్నారు. కొత్తగా ఏదైనా కనిపెట్టినవాళ్లకు పేటెంట్లు ఇప్పించే పని కూడా ఆ ఆఫీసులోనే జరిగేది. 1877లో ఎడిసన్ తన ఫోనోగ్రాఫ్‌ను తెచ్చి మాట్లాడించి చూపించింది ఆ ఆఫీసులోనే.

బీచ్ ఊరికే ఇతరుల పనులు చూస్తూ కూర్చోలేదు. చూపు లేనివాళ్లు వేలితో తడిమి చదువుకునేలా ఉబ్బెత్తు అక్షరాలు అచ్చువేసే టైపు యంత్రం చేశారు. దానికి 1856లో బంగారు పతకం వచ్చింది. బానిసత్వం నుంచి విడుదలైన నల్లజాతివారి కోసం సవానా నగరంలో 1867లో మొదలైన బడికి డబ్బిచ్చారు. ఆ బడికి ఆయన పేరే పెట్టారు. ఆ భవనం ఇప్పటికీ ఉంది.

ఇక సొరంగం సంగతి. ఆ రోజుల్లో బ్రాడ్‌వే వీధి గుర్రపు బళ్లతో కిక్కిరిసి ఉండేది. రోడ్డు దాటడమే గండం. పైన చోటు లేకపోతే కింద వెళ్దాం అన్నది బీచ్ ఆలోచన. గుండ్రటి గొట్టంలో బండి పెట్టి, పెద్ద పంకాతో వెనకనుంచి గాలి కొట్టి తోయాలి. మళ్లీ గాలి పీల్చి వెనక్కి లాగాలి. పొగ లేదు, గుర్రం లేదు.

అయితే జనాన్ని తీసుకెళ్లే సొరంగానికి అనుమతి రాదని ఆయనకు తెలుసు. అందుకని ఉత్తరాలు, పొట్లాలు పంపే గొట్టాల పేరుతో అనుమతి తెచ్చుకున్నారు. తర్వాత ఒక బట్టల కొట్టు నేలమాళిగ అద్దెకు తీసుకుని, అక్కడినుంచి 8 అడుగుల వెడల్పున మనుషులు పట్టే సొరంగం గుట్టుగా తవ్వించారు. అందుకోసం గుండ్రటి షీల్డు ఒకటి తయారుచేయించారు. నీటి ఒత్తిడితో పనిచేసే జాకీలు దాన్ని కొద్దికొద్దిగా ముందుకు నెడుతుంటే, దాని మాటున కూలీలు మట్టి తీసేవారు, వెనకాలే ఇటుక గోడ లేచేది. పైన బళ్లు మామూలుగా తిరుగుతూనే ఉండేవి.

1870 ఫిబ్రవరి 26న తలుపులు తెరిస్తే ఊరంతా ముక్కున వేలేసుకుంది. స్టేషన్లో పియానో, నీటి ఫౌంటెన్! టిక్కెట్టు 25 సెంట్లు. ఆ డబ్బు యుద్ధంలో పోయిన సైనికుల పిల్లలున్న అనాథాశ్రమానికి వెళ్లేది. మొదటి ఏడాదిలోనే సుమారు 4 లక్షల సవారీలు జరిగాయి.

కానీ దారి పొడిగించడానికి అనుమతి రాలేదు. అవినీతి నాయకుడు ట్వీడ్ ఒక్కడే అడ్డుపడ్డాడని కథగా చెబుతారు. నిజానికి ఆ వీధిలో ఆస్తులున్న పెద్దవాళ్లు కూడా తమ భవనాల పునాదులు కదులుతాయని ఒప్పుకోలేదు. గవర్నర్ రెండుసార్లు తిప్పికొట్టారు. చివరికి 1873లో కొత్త గవర్నర్ సంతకం పెట్టేసరికి దేశంలో ఆర్థిక సంక్షోభం వచ్చిపడింది. పెట్టుబడి పెట్టేవాళ్లే లేకపోయారు. సొరంగాన్ని కొన్నాళ్లు తుపాకీ గురి నేర్చుకునే చోటుగా, కొన్నాళ్లు వైన్ నిల్వచేసే గదిగా అద్దెకిచ్చి, తర్వాత మూసేశారు.

బీచ్ 1896 జనవరి 1న పోయారు. న్యూయార్క్‌లో అసలైన భూగర్భ రైలు 1904లో గానీ మొదలవలేదు. 1912లో ఇంకో కొత్త దారి కోసం తవ్వుతున్న కూలీలకు గోడ పగలగానే ఆ పాత సొరంగం ఎదురైంది. లోపల శిథిలమైన బండి, ఆ షీల్డు అలాగే ఉన్నాయి. ఆ తర్వాత సొరంగం సిటీ హాల్ స్టేషన్ కట్టడంలో కలిసిపోయింది.

ఒకటి చెప్పి ఇంకొకటి తవ్వడం తప్పు కాదా అని నేను చాలాసార్లు ఆలోచించాను. తప్పే అనిపిస్తుంది. ఆ వీధి ఆయన ఒక్కడిది కాదు కదా, భయపడ్డవాళ్లకు అడిగే హక్కుంది. కానీ నిజం చెప్పి అడిగి ఉంటే ఆ 312 అడుగులు కూడా ఉండేవి కావేమో. ఈ రెండింట్లో ఏది సబబో నేనింకా తేల్చుకోలేదు, మీరూ ఆలోచించండి.

ఈసారి మెట్రోలో వెళ్లేటప్పుడు సొరంగం గోడ చూడండి, గుండ్రంగా ఉంటుంది. మన ఊరి నేల కింద తొలిచిన భారీ యంత్రాలు ఆ షీల్డు వంశంలోనివే. ఆయన రైలు ఆగిపోయింది గానీ, ఆ పద్ధతి మన కాళ్ల కిందికి కూడా వచ్చింది.